యాడికి పోతన్నావమ్మే?

ఏం చెల్లీ, పొద్దుటి నుంచి గడప దాటావా? కసువు ఊడ్చి ముగ్గేయడానికి దాటింది లెక్కలోకి రాదు. కూరగాయల బండి ఆపడానికి వాకిట్లోకి వచ్చింది కూడా రాదు. నేనడిగేది చెప్పులేసుకుని, వీధి మలుపు తిరిగి, కాస్త ఒళ్ళు వేడెక్కేదాకా నడిచావా అని. నడవలేదు కదూ. నాకు తెలుసు. లాగిన్ అయ్యావు, కుర్చీకి అతుక్కుపోయావు, మళ్ళీ లేచింది కుక్కర్ విజిల్‌కి.

ఈ ముచ్చట పెద్దదోర్నాల, మార్కాపురం, యర్రగొండపాలెం, కంభం, గిద్దలూరు వైపు ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసే ఆడపిల్లల కోసం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే బెంగుళూరు, హైదరాబాదు హాస్టళ్ళ నుంచి బ్యాగులు సర్దుకుని వచ్చారు చూడు, వాళ్ళలో కొందరు మళ్ళీ వెళ్ళనే లేదు. పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, అత్తగారికి బాగోలేదు, ఏదో ఒకటి. ఉద్యోగం మాత్రం వదల్లేదు, అది మెచ్చుకోవాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు కూడా ఆడవాళ్ళకి ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. ఊళ్ళల్లో దగ్గర్లోనే కూర్చుని పనిచేసుకునే చోట్లు కూడా వస్తాయన్నారు. అలాంటిది దోర్నాలకి వస్తే దాంట్లో నాకు నచ్చేది ఏసీ, ఇంటర్నెట్టూ కాదమ్మా, అక్కడిదాకా నడిచి వెళ్ళాల్సి రావడం.

ఎందుకంటావా? హైదరాబాదులో ఉన్నప్పుడు నువ్వు వ్యాయామం చేశావా? లేదు. కానీ హాస్టల్ నుంచి బస్‌స్టాపు, మెట్రో మెట్లు, ఆఫీసులో ఈ మూల నుంచి ఆ మూలకి, మధ్యాహ్నం క్యాంటీన్, సాయంత్రం ఫ్రెండుతో చాట్ బండిదాకా. ఎవరూ లెక్కపెట్టని నడక అది. ఇక్కడికొచ్చాక మంచం, కుర్చీ, వంటిల్లు, బాత్‌రూము, అంతే. తిండి తగ్గలేదు, పని గంటలు తగ్గలేదు. తగ్గింది ఆ నడక ఒక్కటే. నడుము నొప్పీ, ఆరు కిలోలూ ఎక్కడి నుంచి వచ్చాయని ఆశ్చర్యపోతే ఎలా?

లండన్‌లో జెర్రీ మోరిస్ అని ఒక డాక్టరుండేవాడు. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 1953లో ఆ లెక్కలు ప్రచురించాడు. అదే బస్సు, అదే పొగ, అదే జీతగాళ్ళు. రోజంతా కూర్చుని తోలే డ్రైవర్లకి గుండెజబ్బు ఎక్కువ, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి తక్కువ. కూర్చోవడం వల్ల ఒంటికి జరిగే చేటుని లెక్కగట్టి చూపిన తొలి పరిశోధనల్లో అదొకటి. మన శ్రీశైలం ఘాటు బస్సులో కండక్టరమ్మ మలుపు మలుపుకీ కడ్డీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే పాపం అనుకుంటాం. ఆమె ఒంటికి జరుగుతున్న మేలు కంప్యూటర్ ముందు కూర్చున్న నీకు జరగడం లేదు.

"అక్కా, నేను కూర్చున్నదెక్కడ? ఇంటి పనంతా నాదే కదా!" అంటావు. నిజమే. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. ఇంట్లో ఉండి ఉద్యోగం చేసే పిల్లకి ఆ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. "ఇంట్లోనే ఉన్నావుగా" అనే ఒక్క మాటతో గ్యాస్ బండ దగ్గర్నుంచి చుట్టాల కాఫీదాకా అన్నీ నీ నెత్తికే వస్తాయి. మీటింగ్‌లో ఉన్నానంటే "ఆ, వినపడుతూనే ఉంటదిగా, ఈ పప్పు తాలింపెయ్" అంటారు.

కానీ అలిసిపోవడం వేరు, ఒళ్ళు కదలడం వేరు. పొయ్యి ముందు గంట నిలబడితే కాళ్ళు లాగుతాయి, గుండె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వారానికి నూట యాభై నుంచి మూడు వందల నిమిషాలు ఒక మోస్తరుగా ఒళ్ళు కదిలించాలనీ, రెండు రోజులన్నా కండరాలకి బలం పెట్టే పని చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక మోస్తరు అంటే ఎంత అని గడియారం చూడక్కర్లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇల్లు వంగి తుడిస్తే, బకెట్లతో డాబా మీదికి నీళ్ళు మోస్తే ఆ స్థాయికి రావొచ్చు. వాషింగ్ మెషీన్, మాప్ కర్ర వచ్చిన ఇళ్ళల్లో అదీ పోయింది. అవి వద్దని నేననను. అమ్మ పడ్డ చాకిరీ మనం పడాలని ఎవరన్నా చెబితే వాళ్ళకే ఆ బండ మీద బట్టలు ఉతికే పని ఇవ్వాలి. మిగిలిన టైము నీ ఒంటికి ఇవ్వమంటున్నాను, అంతే.

ఇంతవరకూ చెప్పింది నీకు తెలియంది కాదు. యూట్యూబ్ నిండా ఇదే. అయినా నడవవు. ఎందుకు నడవవో నేను చెప్పనా?

మా చిన్నమ్మ కూతురు దోర్నాలలో ఉంటుంది, బెంగుళూరు కంపెనీకి పనిచేస్తుంది. ఒకరోజు సాయంత్రం కాళ్ళకి బూట్లు వేసుకుని, పంజాబీ డ్రెస్సు మీద చున్నీ పిన్ను పెట్టుకుని బయల్దేరింది. మూడో ఇంటి అరుగు మీద అవ్వ కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"యాడికి పోతన్నావమ్మే?"

"యాడికీ లేదవ్వా, ఊరికే నడుద్దామని."

ఇప్పుడు తలెత్తింది అవ్వ. బూట్లు చూసింది. మొహం చూసింది. చేతిలో సంచి లేదు, డబ్బా లేదు, ఏమీ లేదు.

"ఊరికేనా? ఊరికే ఎవురన్నా నడుత్తారా? ఇంట్లో ఏమన్నా గొడవ పడ్డారా?"

పిల్ల వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. ఆ బూట్లు చాలాకాలం మంచం కిందే ఉన్నాయి.

అసలు అడ్డు ఇదమ్మా. టైమూ కాదు, బద్ధకమూ కాదు. మన ఊళ్ళో ఆడమనిషి నడకకి ఒక పని ఉండాలి. మార్కాపురం రోడ్డు, యర్రగొండపాలెం రోడ్డు, ఆత్మకూరు రోడ్డు, శ్రీశైలం రోడ్డు కలిసే దోర్నాల సెంటర్లో మగవాళ్ళు ఏ పనీ లేకుండా రెండు గంటలు నిలబడతారు. టీ తాగుతారు, వచ్చే బస్సుని చూస్తారు, పోయే బస్సుని చూస్తారు. వాళ్ళని "యాడికి?" అని అడిగే అరుగు ఇంతవరకూ కట్టలేదు. అవ్వని తప్పుపట్టడం లేదు నేను. ఆమె వయసులో రోజూ బావికీ, చేనుకీ, కట్టెలకీ నడిచిన మనిషి. పని లేకుండా నడవడమనేది ఆమె ఎరగదు, అందుకే ఆమెకి అంత అనుమానం.

కాబట్టి మొదట్లో ఒక సాకు పెట్టుకో. సిగ్గుపడక్కర్లేదు, ఇది పోరాటం కాదు, రాజీ. పాల ప్యాకెట్ ఇంటికి తెప్పించుకోకుండా పాల కేంద్రానికి నువ్వే పో. పిల్లని బడి నుంచి తెచ్చేది ఆటో కాదు, నువ్వు. కందిపప్పు ఒకరోజు, ఉల్లిపాయలు ఇంకో రోజు, సరుకులన్నీ ఒకేసారి తెచ్చేసే తెలివి కొన్నాళ్ళు పక్కన పెట్టు. అన్నిటికంటే బలమైన సాకు ఆంజనేయస్వామి గుడి. ప్రదక్షిణాలు చేస్తున్నానంటే అత్తగారు కూడా అడ్డం చెప్పదు, పైగా పొయ్యి దగ్గర పని తనే చూసుకుంటుంది. నూట ఎనిమిది చుట్లు వడివడిగా తిరిగి చూడు, పాట పాడగలవేమో. నువ్వు దేనికి తిరుగుతున్నావో స్వామికి తెలుసు, ఏమీ అనుకోడు.

మా పిల్ల చేసింది అదే. ముందు గుడి. తర్వాత గుడికొచ్చే టీచరమ్మ తోడైంది. ఇద్దరైతే జనం అడగడం సగం మానేస్తారు. తర్వాత కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకామె కలిసింది. ఇంటి నుంచి పని అంటే ల్యాప్‌టాప్ వాళ్ళే అనుకుంటాం గానీ, ఆమె ఎన్నేళ్ళ నుంచో చేస్తున్నది అదేగా. మెడ వంచి జాకెట్లు కుట్టీ కుట్టీ ఆమె భుజం పట్టేసి ఉంది, మా పిల్ల భుజమూ అంతే. ఇప్పుడు ముగ్గురూ గుడి దగ్గర మొదలెట్టి బడి ఆవరణదాకా పోతున్నారు. బూట్లు మంచం కింద నుంచి బయటికొచ్చాయి. అవ్వ ఇప్పుడు "ఏమ్మే, ఇయ్యాల ఆలీసమైంది?" అంటోందట.

ఒక్క జాగ్రత్త. చీకటితో లేచి అడవి రోడ్డు పట్టకండి. రాత్రిపూట శ్రీశైలం దారిలో అటవీశాఖ వాళ్ళు గేటు ఊరికే మూయరు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది, మన ఊరు దాని గుమ్మంలో ఉంది. చిరుతలకీ, ఎలుగుబంట్లకీ మన వ్యాయామం సంగతి తెలియదు. వెలుతురు వచ్చాక ఊళ్ళోనే నడవండి. వేసవిలో అయితే ఏడున్నరకల్లా ఇంట్లో పడాలి, మార్కాపురం ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. వీధి కుక్కలకి చేతిలో చిన్న కర్ర ఉంటే చాలు.

ఇక కుర్చీ దగ్గరికొద్దాం. మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్, దాని మీదికి వంగిన నువ్వు. అలా వారం చేస్తే మెడ చెబుతుంది, ఏడాది చేస్తే డాక్టరు చెబుతాడు. వేలకి వేలు పోసి కుర్చీ కొనక్కర్లేదు. మా పిల్ల టేబుల్ చూసి నేను మురిసిపోయాను. మార్కాపురం పలకరాయి ముక్కలు, నేలకి పరవగా మిగిలినవి, నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టింది. తెర పైఅంచు కంటికి సమంగా వచ్చింది. కీబోర్డు విడిగా కొన్నది, మోచేతులు బల్లకి సమంగా ఆనేలా. మనిషి పొట్టి కాబట్టి కుర్చీ ఎక్కితే కాళ్ళు నేలకి అందవు. అందుకని కింద వంటింటి పీట. ఒకప్పుడు పిల్లలకి అక్షరాలు దిద్దించిన ఊరి రాయి ఇప్పుడు ఆమె మెడ నిలబెడుతోంది. పీట సంగతి సరేసరి, అత్తగారు రోజూ వెతుక్కుంటుందట.

అరగంటకోసారి అయిదు నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరగడం బాగా తగ్గిందని 2023లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. పదకొండు మందితో చేసిన చిన్న ప్రయోగమే అది, నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పైగా ఏ మేనేజరు అరగంటకోసారి లేవనిస్తాడు? కానీ మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువగా ఉండే కాల్స్ రోజుకి రెండో మూడో ఉంటాయిగా. కెమెరా ఆపి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి డాబా మీద అటూ ఇటూ తిరుగు. మన ఊళ్ళో సిగ్నల్ కూడా అక్కడే బాగుంటుంది. సాయంత్రం పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడు, తాడాట ఆడు. మోకాళ్ళు బాగున్నంతకాలం నేల మీద కూర్చుని తిను, చెయ్యి ఆనించకుండా లే. బ్రెజిల్‌లో యాభై ఒకటి నుంచి ఎనభై ఏళ్ళ వాళ్ళని అలా కూర్చోబెట్టి లేపి చూశారు. ఆసరా లేకుండా లేవగలిగినవాళ్ళే ఎక్కువకాలం బతికారని 2012లో రాశారు. మన పీటలూ, నేల మీద బంతి భోజనాలూ మానేసి మనం డైనింగ్ టేబుళ్ళు కొనుక్కున్నాం.

ఇప్పుడు అసలు మాట ఒకటి చెబుతాను, కుర్చీ గురించి చెప్పేవాళ్ళెవరూ ఇది చెప్పరు. బెంగుళూరు పిల్లకి నడుము పట్టేసిందంటే కూర్చోవడం వల్లనే అనుకోవచ్చు. మన వైపు పిల్లకి పట్టేసిందంటే నీళ్ళని కూడా అనుమానించాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొట్టమొదట 1937లో గుర్తించింది ఎక్కడో కాదు, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చిన మన పొదిలి, దర్శి వైపే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకి మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళ మీద గార మచ్చలు, తర్వాత పెద్దవాళ్ళకి మెడా, నడుమూ, కీళ్ళూ బిగుసుకుపోవడం. పక్క ఊళ్ళల్లో వంగిపోయిన తాతల్ని చూసే పెరిగాం మనం. హైదరాబాదులో అయిదేళ్ళు వేరే నీళ్ళు తాగి వచ్చిన పిల్ల, ఇక్కడ మళ్ళీ బోరు నీళ్ళకి మారింది. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ప్రయోగశాలలో నీళ్ళు పరీక్ష చేయిస్తారు, ఒక సీసాలో పట్టి ఇవ్వడమే. అదే చేత్తో డాక్టరుకి చూపించి డి విటమినూ, థైరాయిడూ కూడా చూపించుకో. పొద్దస్తమానం ఇంట్లో ఉంటే ఎండ ఎక్కడ తగులుతుంది?

నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. టీ ఆకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది. ఇప్పుడు చెప్పు, కాల్‌కి ఒకటి, కునుకుకి ఒకటి, అత్తగారికి పెడుతూ ఒకటి, రోజుకి ఎన్ని టీలు? బోరు నీళ్ళతో మరగ్గాచిన టీ అంటే రెండువైపులా వడ్డనే. టీ మానమంటే నువ్వు ఈ పేజీ తిప్పేస్తావు, అందుకని సగం చెయ్యి. వంటకీ టీకీ కూడా ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళే వాడు, తాగడానికి ఒక్కదానికే కాదు. ఆ నీళ్ళల్లో ఖనిజాలు తక్కువ కాబట్టి పెరుగు, రాగి సంగటి, ఆకుకూరలు తప్పకుండా తిను. ఇంకో ముచ్చట, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో బడిపిల్లలకి చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందట. చారు తాగితే జబ్బు నయమైపోతుందని దీనర్థం కాదు. కానీ మన చారుని చూసి ముక్కు విరిచే మొగుడికి చెప్పడానికి పనికొస్తుంది.

వెలిగొండ సొరంగాల గుండా శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు వస్తాయని ఎదురుచూస్తూనే ఉన్నాం. 1996లో శంకుస్థాపన రాయి వేసినప్పుడు నువ్వు పుట్టావో లేదో. ఆ నీళ్ళు నీ కుళాయికి వచ్చేదాకా ప్లాంటు నీళ్ళ క్యాను తప్పదు. ఆ ఇరవై లీటర్ల క్యాను నడుము వంచి ఎత్తకు, మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లే.

రాత్రి షిఫ్టు వాళ్ళకి ఒక మాట. అమెరికా వాళ్ళ పగలు మన రాత్రి కాబట్టి అన్నం పదకొండింటికి, మిక్చర్ ప్యాకెట్టు ఒంటిగంటకి. ఎనిమిదింటికల్లా తినేసి కూర్చో. మధ్యలో ఆకలేస్తే మజ్జిగో, గుప్పెడు వేరుశనగ గుళ్ళో. జొన్నరొట్టె తింటే సన్నబడతారని ఎవరో చెప్పారని నాలుగు రొట్టెలు నెయ్యేసుకుని తినేవాళ్ళున్నారు, రొట్టె ఏం చేస్తుంది పాపం? పనిగంటలు కూడా చూసుకో. వారానికి యాభై అయిదు గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు ముప్పై అయిదు శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఆఫీసు తలుపు మూసేవాడు ఉండడు. ల్యాప్‌టాప్ మూత నువ్వే మూయాలి, మూశాక బీరువాలో పెట్టెయ్, కంటికి కనపడకుండా.

ఇంట్లో మగవాళ్ళు ఇది చదువుతుంటే, అన్నా, ఆ సాయంత్రం అరగంట పిల్లని నువ్వు చూడు. సెంటర్లో బస్సులు నువ్వు లేకపోయినా వస్తాయి, పోతాయి.

మీ వీధిలో మొదట అడిగేది ఎవరు చెల్లీ, అరుగు మీద అవ్వా, ఎదురింటి వదినా? ఏ సాకు చెబితే చెల్లింది? రాసి పంపండి. గుడి, పాలు, బడి మా వైపు అరిగిపోయాయి. గిద్దలూరు నుంచి ఒకమ్మాయి "పక్కింటి మేకపిల్ల తప్పిపోయిందని చెబుతా అక్కా, రోజూ వెతుకుతూనే ఉన్నా" అంది. అలాంటివి కావాలి.